ఎంట్రీపాయింట్ స్క్రిప్ట్ నుంచి ఇనిట్ కంటెయినర్లకు: ప్రాజెక్టు డైరీ

సోమవారం

పని ఏమిటో ముందు రాసి పెట్టుకుంటాను. పాత తెలుగు పుస్తకాల స్కాన్లలో పదాలు వెతికిపెట్టే చిన్న సర్వీసు మాది. జాంగో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్)లో రాశాం, వెనక పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఉంది, వెతుకులాటకు విడిగా ఒక ఇండెక్స్ ఫైలు. కంటెయినర్లను (ప్రోగ్రామును దానికి కావలసినవాటితో సహా విడిగా నడిపే పెట్టెలు) చాలా మెషీన్ల మీద నడిపి చూసుకునే కుబర్నెటీస్ మీద మూడు రెప్లికాలుగా, అంటే మూడు కాపీలుగా, నడుస్తోంది. కంటెయినర్‌ను లేపే ఇమేజ్ లోపల ఎంట్రీపాయింట్ పేరుతో ఒక షెల్ స్క్రిప్ట్ కూర్చుని ఉంది. డేటాబేస్ లేచిందో లేదో చూడటం, మైగ్రేషన్లు (డేటాబేస్ టేబుళ్లను కొత్త కోడ్‌కు తగ్గట్టు మార్చే స్క్రిప్టులు) నడపటం, ఆబ్జెక్ట్ స్టోరేజ్ నుంచి ఇండెక్స్ దింపటం, అప్‌లోడ్ల ఫోల్డరుకు ఓనర్‌ను మార్చటం, అన్నీ అయ్యాక జాంగోను నడిపే వెబ్ సర్వర్ గునికార్న్‌ను లేపటం... మొత్తం దాని నెత్తినే. ఏళ్ల తరబడి ఎవరికి ఏం కావాలంటే అది అందులో కలుపుతూ పోయారు.

దీంతో చిక్కు మామూలు రోజుల్లో కనబడదు. గునికార్న్ మెమరీ లిమిట్ దాటిందనుకోండి. కెర్నెల్ దాన్ని చంపేస్తుంది, ఎగ్జిట్ కోడ్ 137 పడుతుంది, ప్రతి నోడ్ (క్లస్టర్‌లోని మెషీన్) మీదా ఉండే కుబర్నెటీస్ ఏజెంట్ క్యూబ్‌లెట్ ఆ కంటెయినర్‌ను మళ్లీ లేపుతుంది. కంటెయినర్ కొత్తగా లేచిందంటే స్క్రిప్ట్ కూడా మొదటి లైను నుంచి మొదలు. ఒకటిన్నర జీబీ ఇండెక్స్ మళ్లీ దిగాలి. అది దిగుతుండగానే లైవ్‌నెస్ ప్రోబ్ (కంటెయినర్ బతికుందా అని పదే పదే చూసే పరీక్ష) "ఇది పలకడం లేదు" అని ఇంకోసారి చంపుతుంది. ఆ గొడవ పడలేక ఎవరో ఆ పరీక్ష మొదలయ్యేముందు ఆగే ఇనిషియల్ డిలేను 300 సెకన్లకు పెంచి వదిలేశారు. అంటే సర్వీసు నిజంగానే చచ్చినా మొదటి అయిదు నిమిషాలు ఎవరికీ తెలియదు.

ఇనిట్ కంటెయినర్లలోకి మారుదాం అనడానికి నాకున్న అసలు కారణం ఇదే. అవి పాడ్ (కలిసి నడిచే కంటెయినర్ల గుంపు) మొదలైనప్పుడు, మెయిన్ కంటెయినర్ కన్నా ముందు నడుస్తాయి. ఆ తర్వాత మెయిన్ కంటెయినర్ ఒక్కటే పడి లేస్తే వాటిని మళ్లీ నడపరు. స్క్రిప్ట్ ముక్కలైతే చూడ్డానికి బాగుంటుందన్నది ఆ తర్వాతి మాట.

మంగళవారం

ఈ సదుపాయం కొత్తదేమీ కాదు. 2016లో 1.3 వెర్షన్‌తో ఆల్ఫాగా వచ్చింది, 2017లో 1.6తో స్థిరపడింది. రూల్స్ కొన్నే. పాడ్ స్పెక్‌లో కంటెయినర్ల జాబితా పక్కన ఇనిట్ కంటెయినర్ల జాబితా ఇంకోటి ఉంటుంది. రాసిన వరసలోనే, ఒకటి పూర్తయ్యాకే ఇంకోటి నడుస్తుంది. పూర్తవడమంటే సున్నా ఎగ్జిట్ కోడ్‌తో బయటికి రావడం. మధ్యలో ఏదైనా ఫెయిలయితే క్యూబ్‌లెట్ దాన్నే మళ్లీ మళ్లీ నడుపుతుంది, ముందుకు మాత్రం వెళ్లదు. పాడ్ రీస్టార్ట్ పాలసీ 'నెవర్' అయితే ఆ ఒక్క ఫెయిల్యూర్‌తో పాడ్ మొత్తం ఫెయిలయినట్టే.

ల్యాప్‌టాప్‌లో కైండ్ (సొంత మెషీన్ మీదే కుబర్నెటీస్ నడిపే టూల్) క్లస్టర్ లేపి, స్క్రిప్ట్‌ను ఉన్నదున్నట్టు నాలుగు ముక్కలు చేశాను. వాచ్ పెట్టి చూస్తే స్టేటస్ గడిలో ఇనిట్:0/4, 1/4, 2/4, 3/4, ఆ తర్వాత పాడ్‌ఇనిషియలైజింగ్, చివరికి రన్నింగ్. ఎక్కడ ఆగిందో ఒక్క చూపులో తెలుస్తోంది. ఇంతకుముందు ఇది తెలియాలంటే లాగ్‌లో 'ఎకో' లైన్లు వెతుక్కోవాల్సి వచ్చేది.

డేటాబేస్ కోసం ఆగే ముక్క గురించి ఒక మాట. చాలా ఉదాహరణల్లో బిజీబాక్స్ ఇమేజ్‌తో, ఎన్ఎస్‌లుకప్‌తో సర్వీసు పేరు దొరికేదాకా లూప్ తిప్పుతారు. కానీ సర్వీసు అనే ఆబ్జెక్టును సృష్టించగానే డీఎన్ఎస్‌లో పేరు దొరుకుతుంది. దాని వెనక పోస్ట్‌గ్రెస్ లేచిందా లేదా అన్నది డీఎన్ఎస్‌కు అక్కర్లేదు. పీజీ ఈజ్‌రెడీ కొంత నయం: కనెక్షన్లు తీసుకుంటుంటే 0, సర్వర్ ఇంకా లేస్తూ ఉంటే 1, అసలు జవాబే లేకపోతే 2 ఇస్తుంది. ఇదీ పాస్‌వర్డ్ సరిచూడదు. యూజర్ పేరు తప్పుగా ఇచ్చినా 0 అనే అంటుంది. ప్రస్తుతానికి దీన్నే ఉంచాను.

బుధవారం

ఈ రోజంతా ఇండెక్స్ దింపే ముక్కతోనే గడిచింది.

ఇనిట్ కంటెయినర్‌కు తన ఫైల్ సిస్టమ్ తనదే. మెయిన్ కంటెయినర్‌కు ఏదైనా అందించాలంటే మధ్యలో ఒక వాల్యూమ్ కావాలి. ఎంప్టీడిర్ (పాడ్‌తో పాటు ఖాళీగా పుట్టే వాల్యూమ్) సరిపోతుంది. కంటెయినర్ క్రాషయినా అందులోది పోదు, పాడ్ నోడ్ మీద నుంచి పోయినప్పుడే పోతుంది. ఇనిట్‌లో దాన్ని రాయడానికి, మెయిన్‌లో చదవడానికి మాత్రమే మౌంట్ చేశాను. మెయిన్ ఇమేజ్ లోంచి కర్ల్‌నూ (ఫైళ్లు దింపే టూల్), జెడ్ఎస్‌టీడీనీ (కుదించిన ఫైళ్లు విప్పే టూల్) తీసేశాను. అవి ఇప్పుడు దింపే ఇమేజ్‌లో ఉంటే చాలు.

కర్ల్‌కు '-ఎఫ్' ఆప్షన్ ఇవ్వకపోతే ఏమవుతుందో పక్క సీటు తమ్ముడికి చూపించాను. బకెట్‌లో లేని ఫైలు పేరు ఇచ్చి నడిపితే, సర్వర్ పంపిన 404 పేజీనే బుద్ధిగా ఇండెక్స్ పేరుతో సేవ్ చేసి, ఎగ్జిట్ కోడ్ 0 ఇచ్చింది. కుబర్నెటీస్ దృష్టిలో ఈ ఇనిట్ కంటెయినర్ సక్సెస్! మెయిన్ కంటెయినర్ లేచి, ఆ ఎర్రర్ పేజీని ఇండెక్స్ అనుకుని తెరవబోయి పడిపోతుంది. మనం తప్పంతా గునికార్న్‌దే అనుకుని అక్కడ వెతుకుతాం. పైప్‌లతోనూ ఇదే బాధ. పైప్ వాడితే షెల్ చివరి కమాండ్ ఎగ్జిట్ కోడ్ ఒక్కటే చూస్తుంది, ముందు కమాండ్ పడిపోయినా పట్టించుకోదు. అందుకే బాష్‌లో పైప్‌ఫెయిల్ ఆన్ చేసి, ఆఖర్న ఎస్‌హెచ్‌ఏ-256 చెక్‌సమ్ కూడా సరిచూస్తున్నాను. ఈ మొత్తం పద్ధతి ఎగ్జిట్ కోడ్ మీదే నిలబడి ఉంది కాబట్టి, అది నిజం చెప్పేలా చూసుకోవడమే ఇక్కడ సగం పని.

ఇంకోటి. ఇనిట్ కంటెయినర్ ఒక్కసారే నడుస్తుందన్న భరోసా లేదు. నోడ్ రీబూటయినా, పాడ్ శాండ్‌బాక్స్ పోయి మళ్లీ వచ్చినా, మొదటి నుంచి అన్నీ తిరిగి నడుస్తాయి. ఎన్నిసార్లు నడిపినా ఫలితం ఒకటే ఉండాలి. అందుకని మొదట తాత్కాలిక పేరుతో దింపి, చెక్‌సమ్ కలిశాకే అసలు పేరుకు మారుస్తున్నాను. అసలు పేరుతో సరైన ఫైలు అప్పటికే ఉంటే ఏమీ చేయకుండా 0తో బయటికి వస్తుంది.

మధ్యాహ్నం స్టేజింగ్ (ప్రొడక్షన్‌కు ముందు పరీక్షించే చోటు)లో పెడితే పాడ్ పెండింగ్‌లోనే ఉండిపోయింది. డిస్క్రైబ్ చేస్తే ఏ నోడ్‌లోనూ మెమరీ చాలదంటోంది. మెయిన్ కంటెయినర్ అడిగేది 700 ఎంబీ, మరి ఎందుకు చాలదు? ఇండెక్స్‌ను విప్పే పాత పైథాన్ కోడ్ మొత్తం ఫైలును మెమరీలోకి ఎక్కిస్తుంది, అందుకని ఆ ఇనిట్ కంటెయినర్‌కు 3 జీబీ రిక్వెస్ట్ రాసి ఉంది. షెడ్యూలర్ లెక్క ఇలా ఉంటుంది: మామూలు కంటెయినర్లన్నిటి రిక్వెస్టుల మొత్తం ఒకవైపు, ఇనిట్ కంటెయినర్లలో అన్నిటికన్నా పెద్ద రిక్వెస్ట్ ఒకవైపు, రెండిట్లో ఏది ఎక్కువైతే అదే పాడ్ రిక్వెస్ట్. ఇనిట్‌లు ఒకదాని తర్వాత ఒకటి నడుస్తాయి కాబట్టి వాటిని కూడరు, అంతవరకు సబబే. కానీ ఇనిట్ పని నిమిషంలో అయిపోయినా, ఆ పాడ్ బతికున్నన్నాళ్లూ నోడ్ మీద 3 జీబీ దాని పేరు మీదే రిజర్వ్ అయి ఉంటుంది. మూడు రెప్లికాలంటే 9 జీబీ, వాడేది అందులో పావు వంతు కూడా కాదు. పైథాన్ కోడ్ తీసేసి, కర్ల్ నుంచి జెడ్ఎస్‌టీడీకి నేరుగా పైప్ పెట్టాను. 128 ఎంబీ రిక్వెస్ట్‌తో హాయిగా నడుస్తోంది.

గురువారం

చిన్న పని. ఓనర్‌ను మార్చే ముక్క రూట్‌గా నడవాలి. పాడ్‌లో రూట్ అవసరం దీనికొక్కదానికే. తీసేసి, పాడ్ సెక్యూరిటీ కాంటెక్స్ట్‌లో ఎఫ్ఎస్‌గ్రూప్ (వాల్యూమ్‌లోని ఫైళ్లు ఏ గ్రూపువో చెప్పే సెట్టింగ్) రాశాను. అయితే అదీ ఊరికే రాస్తే ప్రతిసారి వాల్యూమ్‌లోని ఫైళ్లన్నిటినీ తడుముతుంది. మా అప్‌లోడ్ల వాల్యూమ్‌లో చిన్న చిన్న పేజీ బొమ్మలు లక్షల్లో ఉన్నాయి. ఎఫ్ఎస్‌గ్రూప్ చేంజ్ పాలసీని 'ఆన్ రూట్ మిస్‌మ్యాచ్' అని పెడితే పైనున్న ఫోల్డరు ఒక్కటి చూసి, సరిగ్గా ఉంటే వదిలేస్తుంది. 1.23 నుంచి స్థిరంగా ఉన్న సదుపాయమే. ఒక ఇనిట్ కంటెయినర్ తగ్గింది.

శుక్రవారం

మైగ్రేషన్లు. ఇక్కడ టీమ్‌లో వాదన జరుగుతుందని తెలుసు, జరిగింది.

కొత్త టేబుల్ ఒకటి చేర్చే మైగ్రేషన్‌తో స్టేజింగ్‌లో మూడు రెప్లికాలనూ ఒకేసారి లేపాం. ఒక పాడ్ ముందుకెళ్లింది. మిగతా రెండూ ఇనిట్:ఎర్రర్. లాగ్ చూస్తే, పీజీ టైప్ కేటలాగ్‌లోని యూనిక్ ఇండెక్స్‌లో డూప్లికేట్ కీ అని పోస్ట్‌గ్రెస్ ఫిర్యాదు. టేబుల్ సృష్టించినప్పుడు పోస్ట్‌గ్రెస్ అదే పేరుతో ఒక టైపును కూడా తన కేటలాగ్‌లో రాసుకుంటుంది. మూడు సెషన్లు ఒకే క్షణంలో ఒకే పేరు రాయబోతే, మొదటిది కమిట్ అయ్యేదాకా మిగతావి ఆగి, ఆ తర్వాత ఈ ఎర్రర్‌తో పడతాయి. జాంగోలో మైగ్రేషన్లకు సొంత లాక్ ఏదీ లేదు.

తమాషా ఏమిటంటే, పది సెకన్లు ఆగి క్యూబ్‌లెట్ ఆ రెండు పాడ్లలో ఇనిట్‌ను మళ్లీ నడిపితే, చేయడానికి పనేమీ మిగల్లేదు కాబట్టి 0తో బయటికి వచ్చాయి. నిమిషం తర్వాత చూసినవాళ్లకు అంతా పచ్చగానే కనబడుతుంది. ఎర్రర్లు ఇలా తమంతట తామే సర్దుకుంటేనే నాకు ఎక్కువ టెన్షన్.

"లాక్ పెడితే పోలా అన్నా?" అన్నాడు తమ్ముడు. పోస్ట్‌గ్రెస్ అడ్వైజరీ లాక్ పెట్టొచ్చు, నిజమే. సెషన్ లెవెల్ లాక్ కాబట్టి పాడ్ మధ్యలో చచ్చినా, కనెక్షన్ తెగగానే లాక్ దానంతటదే వదులుతుంది. లిక్విబేస్ అనే మైగ్రేషన్ టూల్ వాడేవాళ్లకు ఈ సుఖం లేదు. అది లాక్‌ను ఒక టేబుల్‌లో ఒక వరస (రో)గా రాసుకుంటుంది. మైగ్రేషన్ మధ్యలో పాడ్‌ను చంపితే ఆ వరస అలాగే ఉండిపోయి, తర్వాత వచ్చిన ప్రతి పాడ్ లాక్ కోసం కాచుకు కూర్చుంటుంది. చివరికి ఎవరో లాగినై రిలీజ్ లాక్స్ నడపాలి.

అయినా లాక్‌తో నాకు తృప్తి లేదు. మైగ్రేషన్ రిలీజుకు ఒక్కసారి జరగాల్సిన పని, పాడ్‌కు ఒకసారి జరగాల్సింది కాదు. దాన్ని ఇనిట్‌లో పెట్టడమంటే, వచ్చిన ప్రతి చుట్టమూ నేరుగా వంటింట్లోకి వెళ్లి పొయ్యి వెలిగించాలని చూడటమే. అర్ధరాత్రి ఒక నోడ్ డ్రెయిన్ అయి (దాని మీది పాడ్లను ఖాళీ చేయించి) పాడ్ పక్క నోడ్‌కు మారితే, అప్పుడు స్కీమా జోలికి వెళ్లాల్సిన పనేముంది? టేబుళ్లు మార్చే హక్కున్న పాస్‌వర్డ్ ప్రతి పాడ్‌కూ ఎందుకు అందాలి?

మా డేటాబేస్ అడ్మిన్ (డీబీఏ) గారు ఇంకో సంగతి గుర్తుచేశారు. "మీరు రోల్‌బ్యాక్ కొట్టారనుకోండి, పాడ్ డిలీట్ అవుతుంది. ముప్పై సెకన్లు చూసి సిగ్‌కిల్ పంపిస్తారు కదా? అప్పుడు టేబుల్ మీద కడుతున్న నా డేటాబేస్ ఇండెక్స్ సగంలో ఉంటే?" మామూలు మైగ్రేషన్ అయితే ట్రాన్సాక్షన్ వెనక్కి పోతుంది, ఫరవాలేదు. కానీ పెద్ద టేబుల్ మీద ఇండెక్స్‌ను కంకరెంట్‌గా కడుతుంటే అది ట్రాన్సాక్షన్ లోపల నడవదు. మధ్యలో తెగితే ఇన్‌వాలిడ్ అని గుర్తుపడ్డ ఇండెక్స్ ఒకటి టేబుల్‌కు అంటుకుని ఉండిపోతుంది. క్వెరీలకు పనికిరాదు, అయినా ప్రతి రాతకూ దాని భారం మోయాలి. మనమే డ్రాప్ చేసి మళ్లీ కట్టాలి. ఆవిడ ఈ పని రాత్రిళ్లు చేసి ఉన్నారు కాబట్టి ఆ గొంతులో విసుగు న్యాయమే.

తేల్చుకున్నది: మైగ్రేషన్ ఒక జాబ్ (ఒకసారి నడిచి ముగిసే కుబర్నెటీస్ పని) అవుతుంది. డిప్లాయ్ పైప్‌లైన్ ముందు ఆ జాబ్‌ను నడిపి, కంప్లీట్ అయ్యాకే డిప్లాయ్‌మెంట్‌ను అప్లై చేస్తుంది. ఇనిట్‌లో ఉండేది మైగ్రేట్ కమాండ్‌కు 'చెక్' ఆప్షన్ ఒక్కటే. జాంగో 3.1 నుంచి ఉంది. నడవాల్సిన మైగ్రేషన్ మిగిలి ఉంటే సున్నా కాని కోడ్ ఇస్తుంది, దేన్నీ మార్చదు. చదివే హక్కున్న యూజర్‌తో సరిపోతుంది.

మళ్లీ సోమవారం

కైండ్‌లో చక్కగా నడిచింది స్టేజింగ్‌లో ఇనిట్:0/3 దగ్గర బిగుసుకుపోయింది. రీస్టార్టులు సున్నా. లాగ్‌లో "డేటాబేస్ కోసం చూస్తున్నాం" అన్న లైనే పదే పదే.

తేడా ఏమిటంటే, స్టేజింగ్‌లో డేటాబేస్ బయట ఉంది. దాని దగ్గరికి పాడ్‌లోనే ఉన్న ఒక ప్రాక్సీ కంటెయినర్ ద్వారా వెళ్లాలి. జాంగో లోకల్‌హోస్ట్‌లో 5432 పోర్టుకు కనెక్ట్ అవుతుంది, ప్రాక్సీ దాన్ని బయటికి పంపుతుంది. పాత పద్ధతిలో ప్రాక్సీ, గునికార్న్ రెండూ పక్క పక్క కంటెయినర్లు, ఒకేసారి లేచేవి, లూప్ కాసేపు తిరిగి దారి దొరికేది. ఇప్పుడు ఇనిట్ ప్రాక్సీ కోసం చూస్తోంది, ప్రాక్సీ ఇనిట్‌లన్నీ అయిపోవాలని చూస్తోంది. రేపటిదాకా చూసినా ఇంతే. సర్వీస్ మెష్ (ప్రతి పాడ్ ట్రాఫిక్‌నూ ఒక ప్రాక్సీ గుండా పంపే ఏర్పాటు) వాడేవాళ్లకు కూడా ఇదే పాత తలనొప్పి: ట్రాఫిక్‌ను ప్రాక్సీ వైపు తిప్పే ఐపీటేబుల్స్ రూల్స్ ముందే అమల్లోకి వస్తాయి, ప్రాక్సీ మాత్రం ఇంకా లేవదు, మధ్యలో నడిచే ఇనిట్ కంటెయినర్లకు నెట్‌వర్క్ ఉండదు.

మందు దొరికింది. ఇనిట్ జాబితాలోనే ఒక కంటెయినర్‌కు రీస్టార్ట్ పాలసీ 'ఆల్వేస్' అని రాస్తే అది సైడ్‌కార్ అవుతుంది. పూర్తయ్యేదాకా ఆగరు. అది మొదలవగానే తర్వాతి ఇనిట్‌కు వెళ్తారు, అది మాత్రం పాడ్ ఉన్నంతకాలం నడుస్తూనే ఉంటుంది. మెయిన్ కంటెయినర్లు ఆగిపోయాకే దాన్ని ఆపుతారు. 2023లో 1.28తో ఆల్ఫాగా వచ్చి, 1.29 నుంచి డిఫాల్ట్‌గా ఆన్ అయి, 2025లో 1.33తో స్థిరపడింది. మా క్లస్టర్ 1.31, కాబట్టి ఇబ్బంది లేదు.

"మొదలవగానే" అన్న మాటలో ఒక మెలిక ఉంది. స్టార్టప్ ప్రోబ్ లేకపోతే ప్రాసెస్ లేస్తే చాలు, మొదలైనట్టే. పోర్టు తెరుచుకుందా అని ఎవరూ అడగరు. మామూలు ఇనిట్ కంటెయినర్లకు ప్రోబ్‌లు పెట్టడం కుదరదు, సైడ్‌కార్‌కు కుదురుతుంది. 5432 మీద టీసీపీ ప్రోబ్ పెడితే ఎంతకీ పాసవలేదు. ఎందుకంటే ఆ ప్రోబ్ చేసేది క్యూబ్‌లెట్, అది పాడ్ ఐపీకి కనెక్ట్ అవుతుంది. ప్రాక్సీ వింటున్నది 127.0.0.1 మీద మాత్రమే. కమాండ్ నడిపే ప్రోబ్ పెడదామా అంటే ఆ ఇమేజ్‌లో షెల్ కూడా లేదు. చివరికి ప్రాక్సీ ఇచ్చే హెల్త్ చెక్ పోర్టును అన్ని అడ్రసుల మీద తెరిచి, దానికి హెచ్‌టీటీపీ ప్రోబ్ పెట్టాను. పాడ్ కదిలింది.

మైగ్రేషన్ జాబ్‌లోనూ ప్రాక్సీని ఇలాగే పెట్టాలి. పక్క కంటెయినర్‌గా పెడితే మైగ్రేషన్ అయిపోయినా ప్రాక్సీ నడుస్తూనే ఉంటుంది కాబట్టి జాబ్ ఎప్పటికీ కంప్లీట్ కాదు. సైడ్‌కార్‌గా ఉంటే జాబ్ దాన్ని లెక్కలోకి తీసుకోదు, మెయిన్ పని ముగియగానే ఆపేస్తుంది.

మంగళవారం

డేటాబేస్ కోసం ఆగే ముక్కను తీసేశాను. మైగ్రేట్ చెక్ ఎలాగూ డేటాబేస్‌కు వెళ్తుంది, పైగా పాస్‌వర్డ్‌తో వెళ్తుంది. అదీ కాక, డేటాబేస్ పాడ్ లేచేటప్పుడే పడిపోవాలని ఎక్కడా రాసి లేదు. మధ్యాహ్నం మూడింటికి పడిపోయినా జాంగో తట్టుకోవాలి. ఆ రీట్రై కోడ్ యాప్‌లో ఉండాల్సిందే.

మిగిలిన ప్రశ్న: చెక్ ఫెయిలయితే వెంటనే బయటికి వచ్చేయాలా, లోపలే లూప్ తిరగాలా? బయటికి వస్తే క్యూబ్‌లెట్ 10, 20, 40 సెకన్లు అలా రెట్టింపు చేస్తూ 5 నిమిషాల వరకు ఆగుతుంది. డేటాబేస్ వచ్చేసినా పాడ్ ఇంకో నాలుగు నిమిషాలు ఊరికే కూర్చోవచ్చు. లోపలే ఎడతెగకుండా తిరిగితే నిన్నటిలా రీస్టార్టులు సున్నా, అలర్టు మోగదు. మూడేసి సెకన్లకోసారి చూస్తూ రెండు నిమిషాలు తిరిగి, అప్పటికీ కాకపోతే 1తో బయటికి వచ్చేలా రాశాను. అప్పుడు ఇనిట్:క్రాష్‌లూప్‌బ్యాకాఫ్ అని పడుతుంది, మా అలర్టు చూసేది దాన్నే.

రాత్రి డ్యూటీలో ఉండేవాళ్ల కోసం ఒక చిన్న చేర్పు: ప్రతి ఇనిట్‌కూ టెర్మినేషన్ మెసేజ్ పాలసీని 'ఫాల్‌బ్యాక్ టు లాగ్స్ ఆన్ ఎర్రర్' అని మార్చాను. ఫెయిలయినప్పుడు లాగ్ చివరి లైన్లు డిస్క్రైబ్‌లోనే కనబడతాయి. లేకపోతే లాగ్స్ కమాండ్‌కు '-సీ' ఇచ్చి ఇనిట్ పేరు చెప్పాలి, అది మళ్లీ మొదలైపోయి ఉంటే 'ప్రీవియస్' కూడా చేర్చాలి. నిద్రమత్తులో ఇవన్నీ ఎవరికి గుర్తుంటాయి.

బుధవారం

ప్రొడక్షన్‌కు వెళ్లింది. ఇప్పుడు వరస ఇది: ప్రాక్సీ సైడ్‌కార్, ఇండెక్స్ దింపటం, మైగ్రేట్ చెక్, ఆ తర్వాత గునికార్న్. ఎంట్రీపాయింట్ ఫైలును రెపో నుంచి తీసేశాం. లైవ్‌నెస్ ప్రోబ్ ఇనిషియల్ డిలే 300 నుంచి 10కి దిగింది. కావాలనే గునికార్న్‌ను చంపి చూశాను. కంటెయినర్ లేచింది, ఇండెక్స్ ఉన్నచోటే ఉంది, ప్రాక్సీ కదల్లేదు.

నోడ్ డ్రెయిన్ చేస్తే మాత్రం కొత్త పాడ్ ఒకటిన్నర జీబీ మళ్లీ దింపుకోవాలి, దానికి ఎంప్టీడిర్ ఏమీ చేయలేదు. ఇండెక్స్‌నే ఒక ఓసీఐ ఇమేజ్ (కంటెయినర్ ఇమేజ్‌ల ప్రామాణిక రూపం)గా కట్టి నేరుగా వాల్యూమ్‌గా మౌంట్ చేసే పద్ధతి 1.31లో ఆల్ఫాగా ఉంది. నోడ్ మీద ఆ ఇమేజ్ ఒకసారి దిగితే తర్వాతి పాడ్‌కు దింపే పని ఉండదు. ప్రొడక్షన్‌లో ఆల్ఫా పెట్టే ఉద్దేశం లేదు. రేపు కైండ్‌లో ఫీచర్ గేట్ ఆన్ చేసి చూస్తాను. నడిస్తే, క్లస్టర్ అప్‌గ్రేడ్ తర్వాత దింపే ఇనిట్ కంటెయినర్ కూడా తీసేయొచ్చు.